చివర్లు విచ్చుకున్న బోల్డ్ అక్షరం: ఎంచుకోవడం నుంచి రాతి మీద చెక్కించేదాకా

గ్రంథాలయానికి పేరు పలక, కవితా సంపుటికి అట్ట, తాతగారి పేరున కట్టించిన గదికి శిలాఫలకం. ఇలాంటి పని చేతికొచ్చినప్పుడు ఇంగ్లిష్ పేరును మామూలు లావు అక్షరాల్లో పెడితే దుకాణం బోర్డులా కనిపిస్తుంది. నాజూకు అక్షరాల్లో పెడితే శుభలేఖలా ఉంటుంది. ఇలాంటి పనులకు సరిగ్గా సరిపోయే అక్షరజాతి ఒకటుంది. దానిలో నిలువు గీత నడుము దగ్గర కాస్త సన్నగా ఉండి, పైకీ కిందికీ పోయేకొద్దీ మెల్లగా వెడల్పవుతుంది. డిజైనర్లు దీన్ని ఫ్లేర్డ్ సెరిఫ్ అంటారు. నేను దీన్ని విచ్చుకున్న అక్షరం అంటాను.

ఈ అక్షరం అందమంతా ఆ చివరి విచ్చుకోవడంలోనే ఉంది. అది పోతే మిగిలేది మామూలు లావు అక్షరమే. ఫాంట్ ఎంచుకున్నప్పటి నుంచి బోర్డు గోడకెక్కేదాకా దాన్ని చెరిపేసే ప్రమాదాలు అడుగడుగునా ఉంటాయి. వాటిని దాటుకుంటూ పని ఎలా పూర్తిచేయాలో వరసగా చెప్తాను.

ముందు ఒక అక్షరాన్ని పెద్దగా ప్రింట్ తీయండి

మీ దగ్గరున్న మూడు ఫాంట్లలో క్యాపిటల్ ఐ అక్షరాన్ని ఏ4 కాగితం నిండా వచ్చేలా ప్రింట్ తీయండి. ఏరియల్‌లో గీత పైనుంచి కిందిదాకా ఒకే మందంలో వచ్చి, కత్తిరించినట్టు ఆగిపోతుంది. టైమ్స్ న్యూ రోమన్‌లో గీత చివర అడ్డంగా ఒక పాదం ఉంటుంది. ఆ పాదాన్నే సెరిఫ్ అంటారు. మూడోది ఆప్టిమా గానీ మార్సెలస్ గానీ తీసుకోండి. స్కేలును గీత అంచుకు ఆనించి పెడితే నడుము దగ్గర సన్నటి సందు కనిపిస్తుంది. ఇక్కడ పాదం వేరుగా అతికించినట్టు ఉండదు, గీతే పాదంగా మారుతుంది.

ఇలా ఎందుకు తయారైందో తెలిస్తే వాడేటప్పుడు చేయి తప్పదు. కాబట్టి రెండు కథలు చెప్తాను.

1932లో లండన్‌లోని మోనోటైప్ కంపెనీ సలహాదారు స్టాన్లీ మోరిసన్ ఒక జర్మన్ యువకుణ్ణి టైపు, అంటే అచ్చుకు వాడే అక్షరజాతి, గీయమని అడిగాడు. అతని పేరు బెర్తోల్డ్ వోల్ప. ఆఫెన్‌బాఖ్ ఊళ్లో టైపు డిజైనర్ రుడాల్ఫ్ కోఖ్ శిష్యుడు, కంచు పలకల మీద అక్షరాలు తీయడంలో చేయి తిరిగినవాడు. వోల్ప పద్ధతిలో ఒక విశేషముంది. అతను అక్షరాన్ని లోపలికి చెక్కేవాడు కాదు, అక్షరం చుట్టూ ఉన్న లోహాన్ని తీసేసి అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలిపేవాడు. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అచ్చు మీద పువ్వును చెక్కరు. పువ్వు కానిదాన్నంతా చెక్కి తీసేస్తారు. ఉలి అలా బయటినుంచి నడిచినప్పుడు సన్నటి పాదాలు నిలవవు. గీత లావుగా, సూటిగా వచ్చి చివర మాత్రం కొద్దిగా విచ్చుకుంటుంది. అలా పుట్టిన టైపే ఆల్బర్టస్. పదమూడో శతాబ్దపు తత్వవేత్త ఆల్బర్టస్ మాగ్నస్ పేరు దానికి పెట్టారు. వోల్ప యూదుడు కావడంతో 1935లో జర్మనీ వదిలి ఇంగ్లండ్ చేరాడు. తర్వాత ఫేబర్ అండ్ ఫేబర్ ప్రచురణ సంస్థలో 1941 నుంచి 1975 దాకా పుస్తకాల అట్టలు గీశాడు. ఇవాళ సిటీ ఆఫ్ లండన్ ప్రాంతంలో వీధుల పేర్లు రాసిన పలకల మీద ఉండేది ఆల్బర్టస్ అక్షరాలే.

రెండో కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. 1950లో జర్మన్ టైపు డిజైనర్ హెర్మన్ జాఫ్ ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో సాంతా క్రోచె చర్చికి వెళ్లాడు. అక్కడ నేల మీద పరచిన సమాధి రాళ్లపై చెక్కిన అక్షరాలు అతన్ని ఆపేశాయి. జేబులో కాగితం లేక 1000 లీరాల నోటు మీదే వాటిని గీసుకున్నాడు. అదే 1958లో ఆప్టిమాగా బయటికొచ్చింది. వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకం మీద 58,000కు పైగా పేర్లు ఆప్టిమాలోనే ఉన్నాయి.

ఒకటి కంచు మీద ఉబ్బెత్తుగా నిలబెట్టింది, ఒకటి రాతిలోకి చెక్కినదాన్ని చూసి గీసింది. రెండూ విచ్చుకున్నవే అయినా స్వభావం వేరు. ఆల్బర్టస్ దూరం నుంచి గట్టిగా పలుకుతుంది, ఆప్టిమా నెమ్మదిగా పలుకుతుంది. సంస్థ పేరు, వీధి పేరు, పుస్తకం పేరు అయితే మొదటి దారి పట్టండి. చనిపోయినవారి పేర్లు, దాతల పేర్లు వరసగా రావాలంటే రెండోది.

మీ పనికి ఇది పనికొస్తుందా?

ఈ అక్షరం మాట్లాడే పద్ధతిలో పెద్దరికం ఉంటుంది, చేతిపని గుర్తు ఉంటుంది, కొంచెం పాతకాలపు వాసన కూడా ఉంటుంది. గ్రంథాలయం, కళాశాల, చరిత్ర పుస్తకం, సంగీత సభ, చేనేత దుకాణం, పాతకాలపు ఇల్లు లాంటివాటికి బాగా నప్పుతుంది. దీనికి ఒక చీకటి కోణం కూడా ఉంది. 1967లో బ్రిటన్‌లో వచ్చిన ఒక టీవీ సీరియల్‌లో తప్పించుకోలేని ఒక వింత ఊరు ఉంటుంది. ఆ ఊరి బోర్డుల మీద కాస్త మార్చిన ఆల్బర్టస్ వాడారు. చూడ్డానికి మర్యాదగా ఉంటూనే ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. రహస్య నవలకు అట్ట వేస్తుంటే ఈ గుణం బాగా పనికొస్తుంది. పిల్లల ఆసుపత్రికి పనికిరాదు.

పేరాలకు పేరాలు బోల్డ్‌లో పెట్టకండి. పది మాటలు దాటితే కన్ను అలసిపోతుంది. ఫారాలు, మందు పెట్టెలు, ఫోన్ యాప్‌లోని చిన్న బటన్లు దీని చోటు కాదు. చిన్న సైజులో నడుముకూ చివరకూ ఉన్న తేడా కంటికి ఆనదు, అక్షరం మసకగా ఉన్నట్టు మాత్రం అనిపిస్తుంది. కాగితం మీద 18 పాయింట్లకు తగ్గకుండా చూసుకోండి. 24 నుంచి మొదలుపెడితే ఇంకా మంచిది.

ఫాంట్ తెచ్చుకోండి, బీ బటన్ జోలికి వెళ్లకండి

ఆల్బర్టస్‌కు 2017లో మోనోటైప్ తరఫున డిజైనర్ తోషి ఒమగారి కొత్త రూపమిచ్చాడు. దాని పేరు ఆల్బర్టస్ నోవా, డబ్బు పెట్టి కొనాలి. మీ దగ్గర మ్యాక్ ఉంటే ఆప్టిమా అందులో బోల్డ్‌తో సహా ముందే ఉంటుంది. ఉచితంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మార్సెలస్ ఉంది. పాత రోమన్ శాసనాల ధోరణిలో చేసిన చక్కటి విచ్చుకున్న అక్షరం. అయితే అది ఒకే మందంలో వస్తుంది. దానికి బోల్డ్ లేదు.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. బోల్డ్ లేని ఫాంట్‌కు బీ బటన్ నొక్కినా చాలా సాఫ్ట్‌వేర్లు ఏదో ఒక బోల్డ్ చూపిస్తాయి. అది గీసిన బోల్డ్ కాదు, గీతను అన్నిచోట్లా ఒకేలా ఉబ్బించింది. లెక్క వేసి చూడండి. నడుము 10 పాళ్లు, చివర 14 పాళ్లు ఉన్న గీత అనుకుందాం. చివర నడుముకు 1.4 రెట్లు. ఇప్పుడు అన్నిచోట్లా 4 పాళ్లు కలిపితే నడుము 14, చివర 18. నిష్పత్తి 1.3 కంటే కిందికి పడిపోయింది. మూలలు కూడా మొద్దుబారతాయి. అసలైన బోల్డ్ గీసే డిజైనర్ లావు పెంచేటప్పుడు చివరలను కూడా ఆ మేరకు మళ్లీ గీస్తాడు. ఆ పనిని బటన్ చేయలేదు. మార్సెలస్‌తోనే పని కానిచ్చేట్టయితే లావు చేయడం మానేసి సైజు పెంచండి. అక్షరం పెద్దదైతే గీత కూడా దానంతటదే లావవుతుంది, ఆకారం చెడదు.

ఉచితమైనా, కొన్నదైనా లైసెన్సు ఒకసారి చదవండి. బోర్డుకూ వెబ్‌సైట్‌కూ వేర్వేరు అనుమతులు ఉండొచ్చు.

సాగదీయకండి

మన దగ్గర ఫ్లెక్స్ పనిలో బాగా పాతుకుపోయిన అలవాటు ఇది. పేరు చిన్నదై బోర్డు పొడవుగా ఉంటే మౌస్ పట్టుకుని అక్షరాలను అడ్డంగా లాగేస్తారు. అడ్డంగా ఒకటిన్నర రెట్లు లాగితే నిలువు గీతలు ఒకటిన్నర రెట్లు లావవుతాయి, అడ్డగీతలు మాత్రం ఉన్నంతే ఉంటాయి. ఏరియల్‌లాంటి అక్షరం దీన్ని ఎలాగో భరిస్తుంది. విచ్చుకున్న అక్షరం భరించలేదు. మెల్లగా వంగిన అంచు వంపు మారిపోయి, చివర్లు ఏనుగు పాదాల్లా కనిపిస్తాయి.

చోటు మిగిలితే మిగలనివ్వండి. లేదా అక్షరాల మధ్య దూరం పెంచండి. క్యాపిటల్ అక్షరాలు కాస్త ఎడంగా ఉంటే ఈ జాతికి ఇంకా అందం వస్తుంది. పేరు చుట్టూ ఖాళీ ఉండటం వల్లే పలక పలకలా కనిపిస్తుంది. యజమాని "ఇంత ఖాళీ ఎందుకండీ, ఫోన్ నంబరు పెట్టొచ్చు కదా" అంటారు. నంబరును కింద, చిన్నగా, వేరే మామూలు ఫాంట్‌లో పెట్టి చూపించండి. చాలామంది ఒప్పుకుంటారు.

బయట తెల్లటి గీత, వెనక నీడ, త్రీడీ ఎఫెక్ట్ లాంటివన్నీ తీసేయండి. చుట్టూ గీత పెట్టగానే చివర్లు గుండ్రంగా మారిపోతాయి.

దూరాలు కంటితో సరిచేయండి: విజయవాడ పరీక్ష

అక్షరాల మధ్య దూరం సరిచేయడం నేర్చుకోవడానికి నాకు తెలిసినంతలో విజయవాడను మించిన మాట లేదు. ఇంగ్లిష్ క్యాపిటల్స్‌లో ఆ పేరు టైప్ చేసి చూడండి. జే, ఏ, వై, ఏ, డబ్ల్యూ, ఏ వరసగా వస్తాయి. వాటిలో ఎక్కువ వాలు గీతలే. వీ తర్వాత వచ్చే ఐ నిటారుగా ఉంటుంది. మొదట్లో ఒకలా, మధ్యలో ఇంకోలా సందులు పడతాయి. విచ్చుకున్న అక్షరంలో ఇంకో చిక్కుంది. చివర్లు వెడల్పు కాబట్టి ఏ (A) పాదమూ దాని పక్క అక్షరం పాదమూ ఒకదాన్నొకటి తాకబోతుంటాయి, పైన మాత్రం గుంత పడినట్టు ఖాళీ ఉంటుంది.

చేయాల్సిన పద్ధతి ఇది. ముందు మొత్తం మాటకు దూరం కొంచెం పెంచండి, అంటే ట్రాకింగ్. ఆ తర్వాత మూడేసి అక్షరాలను మాత్రమే చూస్తూ, మిగతావాటిని కాగితంతో మూసి, నడిమి అక్షరం రెండు పక్కలా సమానంగా నిలబడిందా చూడండి. లేకపోతే ఆ జత దూరాన్ని విడిగా మార్చండి, దీన్ని కర్నింగ్ అంటారు. చివర ప్రింట్ తీసి తలకిందులుగా పట్టుకోండి. మాట చదవడానికి రాదు కాబట్టి కళ్లు సందులనే చూస్తాయి. దగ్గరగా నిలబెట్టిన రెండు నిటారు గీతల మధ్య ఉన్నంత గాలి, ఏ (A) పక్కన వై (Y) ఉన్నప్పుడు కూడా ఉన్నట్టు అనిపించాలి. స్కేలు కొలత ఇక్కడ పనికిరాదు.

తిరుపతిలో పీ పక్కన ఏ, ఏ పక్కన టీ కూడా ఇలాగే ఇబ్బంది పెడతాయి. నల్గొండలో ఏ పక్కన ఎల్ ఉంటుంది, ఎల్ పైన ఖాళీ కాబట్టి దాని పక్కన జీని కాస్త దగ్గరికి జరపాలి.

పక్కన తెలుగు ఎలా ఉండాలి

మన బోర్డుల మీద తెలుగు ముందు, ఇంగ్లిష్ కింద ఉంటుంది. కాబట్టి అసలు బాధ్యత తెలుగు వరసదే. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఇంగ్లిష్ ఫాంట్‌లో తెలుగు టైప్ చేస్తే సాఫ్ట్‌వేర్ తనకు దొరికిన ఏదో తెలుగు ఫాంట్‌ను తెచ్చి పెడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తారు. రెండోది, తెలుగు అక్షరాల చివర కూడా ఇంగ్లిష్ తరహా పాదాలు అతికించిన అలంకారపు ఫాంట్ ఏదో వెతికి పెడతారు. తెలుగు గుండ్రటి లిపి. దాని గీత తలకట్టు దగ్గర, మలుపు దగ్గర తనదైన పద్ధతిలో లావు, సన్నం అవుతుంది. దానికి పాదం తొడగాల్సిన పని లేదు.

చూడాల్సింది గీత లావు సన్నాల తీరు. అంతటా ఒకే మందంతో, తీగతో వంచినట్టుండే తెలుగు ఫాంట్ ఆల్బర్టస్ పక్కన పరాయిగా ఉంటుంది. గీత ఉబ్బి సన్నబడే తెలుగు ఫాంట్ సొంతంగా ఉంటుంది. నోటో సెరిఫ్ తెలుగులో చాలా మందాలు ఉన్నాయి కాబట్టి బోల్డ్ పనికి అది నమ్మకమైన తోడు. తీరో తెలుగు అందంగా ఉంటుంది గానీ బోల్డ్ లేదు, ఆప్టిమాతో గానీ మార్సెలస్‌తో గానీ జత చేయండి. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన ఫాంట్లలో రామభద్ర బాగా దట్టమైనది, శీర్షికల కోసం చేసింది. పెద్ద పోస్టరు అయితే దాన్ని కూడా పెట్టి చూడండి.

సైజు పాయింట్లలో చూసి సమానం చేయొద్దు. ఒకే పాయింట్ సైజులో ఒక్కో ఫాంట్ ఒక్కో ఎత్తులో కనిపిస్తుంది. ఇంగ్లిష్ క్యాపిటల్ ఎత్తంత ఒక పెట్టె గీసి, దాని పక్కన ఒత్తులూ గుడీ లేని తెలుగు అక్షరం, ఉదాహరణకు "ర" లేదా "న", పెట్టి చూడండి. పైవరసలో తెలుగు పెద్దగా ఉండాలి కాబట్టి ఆ అక్షరం పెట్టెను నింపాలి, లేదా కాస్త దాటాలి. ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. వాటికి చోటు వదలండి. "విశ్వేశ్వరయ్య" లాంటి పేరులో కింద వకార ఒత్తులు రెండు, యకార ఒత్తు ఒకటి వేలాడుతుంటాయి. ఇంగ్లిష్ వరస వాటిని తాకకూడదు. పైన ఎంత ఖాళీ ఉందో కింద అంతే ఉండాలని కొలిచి పెడితే తెలుగు వరస కిందికి జారినట్టు కనిపిస్తుంది. అందుకే ఒత్తులను లెక్కలోకి తీసుకోకుండా అసలు అక్షరాల అంచు నుంచి కొలవండి.

ఆఖరున ఆరడుగులు వెనక్కి నడిచి కళ్లు సగం మూసి చూడండి. రెండు వరసలూ ఒకే నలుపులో కనిపించాలి. ఒకటి బొగ్గులా, ఒకటి బూడిదలా ఉంటే తెలుగు మందాన్ని మార్చండి. ఇంగ్లిష్‌ను కదపకండి, దాని విచ్చు పాడవుతుంది.

ఎంత పెద్దగా ఉండాలి

బోర్డుల పనివాళ్లు వాడే ఒక మొరటు లెక్క ఉంది. హాయిగా చదవాలంటే ప్రతి పది అడుగుల దూరానికీ అక్షరం ఒక అంగుళం ఎత్తు. ముప్పై అడుగుల రోడ్డు అవతలి నుంచి చదవాలంటే 3 అంగుళాలు. విచ్చుకున్న అక్షరానికి నేను దాని మీద ఇంకో సగం కలుపుతాను, ఎందుకంటే మాట చదవడమే కాదు, చివర్లు కూడా కనపడాలి. తెలుగుకు ఈ లెక్క ఒత్తుకు వర్తించేలా చూసుకోండి. ఒత్తు చదవలేకపోతే పేరు మారిపోతుంది.

ఏ పదార్థం మీద

ఇత్తడి పలక దీనికి పుట్టిల్లు లాంటిది. యాసిడ్‌తో గానీ మెషీన్‌తో గానీ వెనక భాగాన్ని లోతు చేయించి, అక్షరాన్ని ఉబ్బెత్తుగా ఉంచమనండి. వోల్ప చేసింది అదే. రోజూ తుడిచే చోట ఉబ్బెత్తు అక్షరం మెరుస్తుంది, లోతు భాగం నల్లబడుతుంది, ఏటేటా ఇంకా బాగా కనిపిస్తుంది.

రాయి విషయంలో జాగ్రత్త. ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పేరున్న రాయి. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయి. ఇంటి నేలకు అద్భుతం. అక్షరాలకు మాత్రం ఆ చుక్కలు అడ్డొస్తాయి. గీత చివర సన్నటి మూల పక్కన ఒక చుక్క పడిందంటే కన్నుకు మూల ఎక్కడో తెలియదు. చుక్కల్లేని నల్లరాయి అడగండి. చాలాచోట్ల రాతి మీద స్టెన్సిల్ అంటించి ఇసుకను వేగంగా చిమ్మి చెక్కుతారు. స్టెన్సిల్‌లో పదునైన మూలలు లేచిపోయే అవకాశం ఎక్కువ. అంగుళం కంటే చిన్న అక్షరాలు ఈ పద్ధతిలో పెట్టకండి. చెక్కాక లోపల రంగు నింపేటప్పుడు మూలలదాకా నిండిందా చూడండి. సగంలో ఆగితే విచ్చు గుండ్రంగా మారుతుంది.

ఫ్లెక్స్ మీద ప్రింట్ తేలిక, మనం ఎఫెక్టులు పెట్టకపోతే చాలు. వెలుగు వెనకనుంచి వచ్చే బోర్డుల్లో కాంతి అంచులను తినేస్తుంది, అక్కడ ఈ అక్షరం వద్దు. పుస్తకం అట్టకైతే గరుకు కాగితం మీద సిరా కొంచెం పరుచుకుంటుంది కాబట్టి బోల్డ్‌కు ఒక మెట్టు తక్కువ మందం తీసుకోండి.

ఫైలు ఇచ్చేముందు

మా ఊరి గ్రంథాలయం పలక పనిలో నేను చేసిన తప్పు ఇక్కడే. ఫైలును అలాగే పంపాను. చెక్కే చోట ఆ ఫాంట్ లేదు. కంప్యూటర్ దాని బదులు ఇంకోటి పెట్టుకుంది, అడిగేవాళ్లు లేక అలాగే రాతిలోకి దిగిపోయింది. తెలుగు ఒత్తులు కూడా విడిపోయాయి. రాయి మార్చాల్సి వచ్చింది.

అప్పటి నుంచి అక్షరాలను కర్వ్స్‌లోకి మార్చకుండా ఫైలు బయటికి పంపను. కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ. అలా చేశాక అక్షరం బొమ్మ అయిపోతుంది, ఫాంట్ అవసరం ఉండదు. అయితే తప్పులు దిద్దడం కూడా కుదరదు, అందుకే మార్చకముందు ఫైలును వేరే పేరుతో దాచండి. స్పెల్లింగ్, తేదీలు, దాతల ఇంటిపేర్లు ఇద్దరితో చదివించి ఆ తర్వాతే మార్చండి.

దాంతోపాటు పీడీఎఫ్ కూడా పంపి, "ఇది ఎలా ఉందో అలాగే రావాలి, సైజు సరిపోకపోతే ఫోన్ చేయండి, సాగదీయొద్దు" అని రాసి పెట్టండి. చెక్కడం మొదలయ్యే ముందు స్టెన్సిల్ ఫొటో అడగండి. అందులో ఐ అక్షరాన్ని వేలితో పెద్దది చేసి, నడుము ఉందో లేదో చూడండి.

ఆర్డరు ఖాయం చేసేముందు ఇంకో పని. పేరును అసలు సైజులో మామూలు కాగితాల మీద ముక్కలుగా ప్రింట్ తీసి, అతికించి, పలక పెట్టబోయే గోడకు అంటించండి. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, వీధి దీపాలు వెలిగాక ఒకసారి రోడ్డు అవతలి నుంచి చూడండి. దారిన పోయే ఎవరినైనా ఆపి చదవమనండి. వాళ్లు తడుముకోకుండా చదివితే ఆ కాగితాలను అలాగే మడిచి చెక్కేవాళ్లకు ఇచ్చేయండి.